గాలిని మేసే ఆవులు

ఎర్రకొట్టాల కుళ్ళాయప్ప నోట్లోంచి నిజం ఎప్పుడూ వట్టికాళ్ళతో బయటికి రాదు. గజ్జెలు కట్టుకొని, కళ్ళకు కాటుక పెట్టుకొని మరీ వస్తుంది. అరవై మూడేళ్ళ మనిషి. ఐదో తరగతి దాకా బడిలో చదివి, తక్కిన చదువంతా టీ అంగడి బల్ల మీద పూర్తి చేశాడు. ఆయన మాట నమ్మేవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. ఆయన మాట్లాడుతుంటే లేచిపోయేవాడూ లేడు.

అందుకే వైశాఖంలో నీళ్ళ సంస్థవాళ్ళ జీపు ఊళ్ళోకి వచ్చినప్పుడు, చుట్టుపక్కల నేలంతా తిప్పి చూపించే పని ఊరు ఆయనకే అప్పగించింది. వానలు మొహం చాటేసి అది మూడో ఏడు. బోర్లు గాలి కక్కుతున్నాయి. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి వంకలో ఇసుక తవ్వి, ఆ చెలమలో ఊరిన నీళ్ళు గిన్నెతో తోడి బిందెలకు పోసుకొని వస్తున్నారు.

జీపులోంచి దిగింది నళిన అనే సైంటిస్టు. బందరు పిల్ల. చుట్టూ నీళ్ళున్న చోట పుట్టి, నీళ్ళు లేని చోట పని వెతుక్కుంటూ వచ్చింది. చంకలో పలకలాంటి కంప్యూటరు. ఊరి వెనక కొండ మీద ఏడు స్తంభాలు పాతి వాటికి వలలు కడతామనీ, ఆ వలల దారం గాలిలో కంటికి కనిపించని తడిని రాత్రంతా పీల్చుకొని, పొద్దున ఎండ సోకగానే నీళ్ళుగా వదిలేస్తుందనీ చెప్పింది. ఆ మాట కుళ్ళాయప్పకు వినగానే నచ్చింది. ఇంత మంచి అబద్ధం ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదా అని కొంచెం కుళ్ళుకున్నాడు కూడా.

కొండెక్కి నిలబడి, రాత్రిపూట ఈ చల్లగాలి ఎటు దిగుతుందని అడిగిందామె. ఆయన పడమటి పల్లం వైపు చెయ్యి చాపాడు. అక్కడ నల్లటి నేల మైళ్ళ కొద్దీ పరుచుకొని ఉంది. అది రేగడిపల్లె. ఆయన అక్క హంపమ్మను ఇచ్చిన ఊరు.

"చలికాలంలో అక్కడేమైనా పండుతుందాండీ?" అంది నళిన, పలక మీద వేలు పెట్టి.

ఇక్కడ ఆ సీమ మనుషుల అలవాటు ఒకటి చెప్పుకోవాలి. చేతిలో పుస్తకం పట్టుకొని వచ్చినవాడు ఎవరైనా సరే, పంట సంగతి అడిగితే "ఏం పండలేదు సామీ" అనాలి. తాతల కాలంలో శిస్తు వసూలు చేసేవాడికి అదే జవాబు. నాయనల కాలంలో కరువు జాబితా రాసుకొనేవాడికీ అదే. ఏదో కొంచెం పండిందన్న ఊరు జాబితాలోంచి ఎగిరిపోయేది, బియ్యమూ పశువుల గడ్డీ పక్క ఊరికి పోయేవి. మూడు తరాలుగా ఆ మాట నాలుకకు అతుక్కుపోయింది. పుస్తకం కనబడితే చాలు, ఎవరూ తోయకుండానే అది బయటికి దూకుతుంది.

నిజానికి రేగడిపల్లెలో శనగ పండుతుంది. దానికి పెద్ద వాన అక్కర్లేదు. కార్తీకంలో నేల తడిసేపాటి ఒక్క పదును తగిలితే విత్తనం వేస్తారు. ఆ తరువాత నాలుగు నెలలూ మంచే పైరును సాకుతుంది. కుళ్ళాయప్ప ప్రతి మాఘంలో అక్క ఇంటి నుంచి ఒక మూట మోసుకొచ్చి తినేవాడే. అయినా అక్క ఊరిని జాబితాలో నిలబెట్టడం తమ్ముడి ధర్మం కదా. అందుకని ఒక కథ ఎత్తుకున్నాడు. ఆ నేలలో బీటలు ఎంత లోతంటే, మొన్న వాటిలో మా బావ చెప్పు జారిపడింది తల్లీ, కింద పడిన చప్పుడు ఇంకా వినబడలేదు అన్నాడు. అక్కడ పిచ్చుకలు నేల మీద వాలితే కాళ్ళు కాలతాయని ఎగురుతూనే గుడ్లు పెడతాయన్నాడు.

నళిన పగలబడి నవ్వింది. నవ్వుతూనే రేగడిపల్లె వెళ్ళి నలుగురిని అడిగింది. వాళ్ళూ ఏమీ పండదన్నారు. వైశాఖం ఎండలో ఆ నేల నిజంగానే కాలిన పెంకులా ఉంది. ఆకాశం నుంచి తీసిన పాత ఫోటోల్లో చలికాలం ఏదో పలచటి పచ్చదనం కనబడితే కలుపు కాబోలు అనుకొని, రేగడిపల్లె ఎదురుగా సున్నా రాసుకుంది.

కార్తీకం చివరికల్లా కొండ మీద ఏడు స్తంభాలు లేచాయి. ఒక్కొక్కటి తాటిచెట్టుకు రెండింతలు. వాటికి కట్టిన వలల దారం తలవెంట్రుక కన్నా సన్నం. మొదటి రోజు తెల్లవారకముందే ఊరంతా కొండ కింద చేరింది. రాత్రి తెల్లగా తేలిపోతూ ఉన్న వలలు పొద్దుటికి బూడిదరంగుకు తిరిగి, బరువుతో కిందికి వేలాడుతున్నాయి. సూర్యుడి మొదటి కిరణం తగిలింది. కాసేపు ఏమీ లేదు. ఆ తరువాత అంచుల వెంట చుక్క, చుక్క పక్కన ఇంకో చుక్క. అంతలో గొట్టాల్లోకి ధార.

కుళ్ళాయప్ప భార్య సంజమ్మ ముందుకు పోయి గొట్టం మీద అరచెయ్యి ఆనించింది.

"చేపింది" అంది మెల్లగా.

ఆవు పొదుగులోకి పాలు దిగినప్పుడు అనే మాట అది. ఆ రోజు నుంచి ఆ స్తంభాలు ఎర్రకొట్టాలవాళ్ళకు ఆవులైపోయాయి. రాత్రి గాలిని మేస్తాయి, పొద్దున నీళ్ళిస్తాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారు. ఎప్పుడూ ఆలస్యంగా చేపే ఏడోదానికి సర్పంచి అత్త పేరు పెడితే, ఆమె మూడు రోజులు ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంటికి ఐదు బిందెలు, గడప ముందరి కుళాయిలో. సంజమ్మ కాపురానికి వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. అందులో నీళ్ళకు నడవని రోజులు, కాన్పు రోజులు తీసేస్తే, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆమె లేచి నిలబడితే మోకాళ్ళలో గవ్వలు ఆడినట్టు చప్పుడు. కుళాయి వచ్చిన మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకు ఆమె అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. ఒకసారి లేచి వాకిలి ఊడ్చింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. మూడు రోజుల మీద నేర్చుకుంది. నాలుగో రోజు అలాగే గోడకు ఆనుకొని నిద్రపోయింది. కుళ్ళాయప్ప ఎదురుగా కూర్చొని, టీ అంగడికి కూడా పోకుండా, ఆమె నిద్రపోవడం చూశాడు.

మార్గశిరం మూడో వారంలో హంపమ్మ వచ్చింది. డెబ్బై దగ్గరపడిన మనిషి ఆ పల్లం నుంచి ఒంటరిగా నడిచి వచ్చి, నీళ్ళు కూడా అడగకుండా, చంకలోని తెల్లగుడ్డ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"వాసన చూడ్రా కుళ్ళాయీ."

చూశాడు. మడత విప్పిన పాత గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు.

ఆ గుడ్డ సంగతి ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. శనగ ఆకు మీద పడిన మంచు పుల్లగా ఉంటుంది. పొద్దు గుంకేటప్పుడు పైరు మీద గుడ్డ పరిచి, తెల్లవారి ఎత్తి గిన్నెలోకి పిండితే పుల్లనీళ్ళు దిగుతాయి. కడుపునొప్పికి చుట్టుపక్కల పది ఊళ్ళూ హంపమ్మ పుల్లనీళ్ళకే వస్తాయి. పద్దెనిమిది రోజులుగా ఆ గుడ్డ పెట్టెలోంచి తీసినట్టు పొడిగా లేస్తోందని ఆమె చెప్పింది. పూత మాడి రాలిపోతోందనీ, చేలో ఎగువ భాగం, పై చెక్క, అప్పుడే పసుపు తిరిగిందనీ చెప్పింది.

కుళ్ళాయప్ప అలవాటు చొప్పున, గుడ్డకు వయసు మీరింది లేక్కా, నీ మాదిరే దానికీ దాహమేసి తాగేసుంటుంది అన్నాడు. హంపమ్మ నవ్వలేదు. సంజమ్మ కుళాయి తిప్పి చెంబుతో నీళ్ళిస్తే, అటూ ఇటూ చూసి, గటగటా తాగింది.

ఆ సాయంత్రం అక్క వెంట పోయి, తెల్లవారి ఆమె చేలో దిగాడు. చలికాలం పొద్దున శనగ చేలో నడిస్తే పుల్లటి మంచుకు కాళ్ళు చురచురలాడాలి. పంచె మోకాళ్ళ దాకా తడిసి బరువెక్కాలి. చేను ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. పాదాలకు దుమ్ము అంటింది. వంగి ఒక కొమ్మ పట్టుకుంటే పూత చేతిలోకి రాలింది. తల ఎత్తాడు. తూర్పున కొండ మీద, అప్పుడే వస్తున్న ఎండలో, ఏడు ఆవులూ నిండు పొదుగులతో మెరుస్తున్నాయి. గాలి అక్కడి నుంచి దిగి ఇక్కడికి వస్తోంది. దారిలోనే దాని తడంతా మేసేసి, ఎండు గాలిని అక్క చేను మీదికి వదులుతున్నాయి.

ఎవరూ విడమరిచి చెప్పకుండానే ఆయనకు అర్థమైంది. చెప్పు పడిన చప్పుడు ఇంకా వినబడలేదని తాను అన్న మాట కూడా గుర్తొచ్చింది.

నేరుగా కొండెక్కి నళిన రేకుల షెడ్డుకు పోయాడు. ఆమె గొట్టాల లెక్కలు చూసుకుంటూ, ఇవాళ ఏం కథ తెచ్చారు కుళ్ళాయప్పగారూ అంది. కథ కాదమ్మా అన్నాడు. క్రితంసారి పిచ్చుకల గురించి చెప్పేటప్పుడూ అదే మాటతో మొదలుపెట్టారండీ అని ఆమె నవ్వింది. ఆయన బల్ల మీదికి ఒక కాలు ఎత్తి పెట్టాడు.

"ఇది తెల్లారి శనగ చేలో నడిచొచ్చిన కాలు తల్లీ. దుమ్ము ఉండాది చూడు."

బందరు పిల్లయినా మంచు సంగతి తెలిసిన మనిషి. ఆ కాలి వంక చూస్తూ చూస్తూ నవ్వు మానేసింది. శనగ చేలోనా అని ఒక్కమాట అడిగింది. గాలిలో తడిని కొలిచే పరికరాలన్నీ కొండకు ఎర్రకొట్టాల వైపే ఉన్నాయి. సున్నా రాసుకున్న చోట కొలవడానికి ఏముంటుందని అటు ఒక్కటీ పెట్టలేదు. ఆ మధ్యాహ్నమే ఒకటి తీసుకుపోయి హంపమ్మ చేలో నిలబెట్టింది. మర్నాడు పొద్దున దాని ముల్లు చూసి, షెడ్డు వెనక్కి పోయి ఒక్కతే నిలబడింది. దాహం తీర్చడానికి చదువుకున్న చదువు ఇలా ఇంకొకరి పైరు నోటి దగ్గరిది లాక్కుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

పైరుకు మళ్ళీ మంచు అందాలంటే రాత్రిళ్ళు వలలు దించాలి. దించాలంటే నష్టం రాయాలి, నష్టం రాయాలంటే ముందు పంట ఉందని రాయాలి. సంస్థ పద్ధతి అది. కనుక నళిన పలక పట్టుకొని, కుళ్ళాయప్పను వెంటబెట్టుకొని రేగడిపల్లె పొలాల్లోకి పోయింది. మొదట ఎదురైనవాడు మోకాలెత్తు శనగ మధ్యలో నిలబడి ఉన్నాడు. పేరు పామన్న. చేలో ఏం వేశారండీ అని అడిగింది.

పామన్న పలక వంక చూశాడు. నాలుక దాని పని అది చేసింది. "ఏం పండదు మేడమ్ ఈడ."

"మరి ఇదేంటండీ, మీ కాళ్ళ దగ్గరిది?"

పామన్న కిందికి చూసుకొని, కొంచెం ఆలోచించి, కలుపు అన్నాడు. పక్క చేలోవాడూ కలుపే అన్నాడు, శనగాకు నములుతూనే. పది చేలు తిరిగితే పదిమందీ, వాడిపోతున్న పైరు మధ్య నిలబడి, అసలు పైరే లేదన్నారు. లేని పైరుకు నష్టం ఎలా రాయాలో నళినకు తోచలేదు. ఒకామె దాపరికం లేకుండా అడిగింది కూడా: పంట ఉందని రాసుకుంటే గడ్డి లారీ వస్తుందా తల్లీ అని. నళిన అబద్ధం చెప్పలేకపోయింది. పంటా ఉంది, కరువూ ఉంది అని రాసుకొనే చోటు ఆఫీసు కాగితాల్లో లేదంది.

ఆ మాటకు అందరూ తలలు దించుకున్నారు. కుళ్ళాయప్ప గొంతు సవరించుకొని, వైశాఖంలో ఏమీ పండదని మేడమ్‌కు ముందుగా చెప్పింది నేనే, అది అబద్ధం అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన అబద్ధం చెప్పాడన్నది అక్కడ ఎవరికీ కొత్త కబురు కాదు.

అప్పుడు హంపమ్మ గట్టు దిగి వచ్చింది.

"నాలుగెకరాలు. శనగ. మంచు బాగా పడిన ఏడు పద్దెనిమిది మూటలు అవుతాది. రాసుకో తల్లీ."

గడ్డి ఆగిపోతాది పెద్దమ్మా అని ఎవరో వెనక నుంచి నసిగారు.

"ఆగనీ. తినే గింజను ఎదురుగా పెట్టుకొని కలుపు అంటే నోరు ఎట్లా వస్తాదిరా మీకు?"

పామన్న కాలి బొటనవేలితో మట్టి గీరుతూ, నాదీ రాసుకోండి, మూడున్నర అన్నాడు. తరువాత ఇంకొకడు. సాయంత్రానికి సున్నా ఉన్న చోట నూట పన్నెండు ఎకరాలు నిలిచాయి.

అక్కడితో తీరలేదు. ఆవులు ఎర్రకొట్టాల ఊరివి. ఊరు ఒప్పుకుంటేనే వలలు దించాలి. పొద్దు గుంకినప్పటి నుంచి తెల్లవారేదాకా, పంట కోసే వరకూ దించి ఉంచాలి. పగటిగాలిలో దొరికే కాస్త తడితో ఇంటికి ఐదు బిందెలు కాదు, రెండే. ఆ సంగతి సభలో చెప్పేముందు సంజమ్మకు చెప్పాలనుకున్నాడు కుళ్ళాయప్ప. మధ్యాహ్నం సంగటి ముద్ద ముందర పెట్టుకొని మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ ఏదో కథే బయటికి వచ్చింది. ఆమె నవ్వుతూ ఇంకో గరిటె పప్పు పోసింది.

బడి ముందర ఊరంతా కూడింది. నళిన జరిగిందంతా చెప్పి, పొరపాటు నాది, కొలవకుండా సున్నా రాశాను అంది. వెంటనే గోల లేచింది. గాలి ఎవరి సొత్తని ఒకడు అడిగాడు. మన గొంతు తడిసినాక కదా పక్కూరి పైరు అన్నాడు ఇంకొకడు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, చెలమ నీళ్ళు తాగిన గొంతులవి. కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు. కథ వస్తోందని కొందరు సర్దుకొని కూర్చున్నారు.

మన ఆవు తలుగు తెంపుకొని పక్కూరి చేలో పడితే వాళ్ళేం చేస్తారని అడిగాడాయన. బందెలదొడ్డిలో కట్టేస్తారన్నారు. దొడ్డిలో పడిన ఆవును విడిపించుకోవడానికి మనం ఏం చేస్తాం? పోయి తప్పు ఒప్పుకొని తోలుకొస్తాం. అప్పుడు ఊరు ఆవును తిడుతుందా, కాపరిని తిడుతుందా? కాపరినే అన్నారు.

"ఆ కాపరి నేనే" అన్నాడు. "ఆ చేను ఉండాదని తెలిసీ లేదని చెప్పినాను. మా అక్క చేను. పై చెక్క పోయింది, ఇంగ రాదు."

జనం నవ్వడానికి సిద్ధంగా మొహాలు పెట్టుకొని ఎదురుచూశారు. ఆయన కథల్లో అసలు మెలిక చివరే వస్తుంది. ఆయన మాత్రం చేతులు కిందికి వేలాడేసుకొని నిలబడే ఉన్నాడు. ముందు వరసలో ఒకడి నవ్వు సగంలో ఆగింది. ఇంక ఏమీ రాదని అందరికీ తెలిసింది.

ఆడవాళ్ళ వైపు నుంచి మోకాళ్ళ చప్పుడు వినబడింది. సంజమ్మ లేచింది. భర్త వంక చూడలేదు. ఆమె ఏమంటుందో తెలియక సర్పంచి కూడా ముందుకు వంగాడు. కుళాయి వచ్చాక ఆ ఊళ్ళో అందరికన్నా ఎక్కువ సుఖపడింది ఎవరో అందరికీ తెలుసు.

"రాత్రిళ్ళు కట్టేయండి ఆవుల్ని" అంది. "రెండు బిందెలు కుళాయిలో వస్తాయి. తక్కిన మూడూ నా మోకాళ్ళు తేలేవు. ఆయన తెస్తాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే సభ సగం మెత్తబడింది. మిగతా సగం గొణుక్కుంటూ ఒప్పుకుంది. ఏడోదాన్ని మాత్రం దించక్కర్లేదు, అది ఎప్పుడూ సరిగ్గా మేసిందే లేదు అని ఒకడంటే సర్పంచి అత్త లేచి ఇంటికి పోయింది.

ఆ సాయంత్రమే వలలు దించారు. ఐదో రోజుకు రేగడిపల్లెలో మంచు నిలిచింది. హంపమ్మ పై చెక్క ఎండిపోయింది, కింది చెక్క పూత పట్టింది. ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, రేగడిపల్లెను జాబితా నుంచి తీసేశారు. గడ్డి లారీ ఆ దారిన రాలేదు. పామన్న ఒక ఎద్దును అమ్ముకున్నాడు. నళిన పంట, కరువు రెండూ ఒకే వరసలో రాసి పంపుతూనే ఉంది, ఆఫీసు తిప్పి పంపుతూనే ఉంది.

కుళ్ళాయప్ప ఆడవాళ్ళ గుంపు వెంట వంకకు పోతున్నాడు. నెత్తిన మోయడం చేతకాక భుజాన పెట్టుకుంటాడు. చెలమ నుంచి గట్టెక్కేచోట మోకాలు వణుకుతుంది. ఏం మామా, ఈ పొద్దు కథ లేదా అని వాళ్ళు ఎగతాళి చేస్తారు. మొదటి రోజు ఏదో అల్లబోయాడు గానీ ఊపిరి చాలలేదు. బిందె బరువుగా ఉందే తల్లీ అన్నాడు. అంతేనా అన్నారు. అంతే అన్నాడు.

రెండో రోజు మూడో బిందె దించేసరికి కుడి భుజం కమిలిపోయింది. సంజమ్మ బిందె అందుకొని లోపల పెట్టి, నూనె గిన్నె తెచ్చి, ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, ఎర్రగా లేచిన ఆ చార మీద బొటనవేలితో రాసింది. సభ జరిగిన నాటి నుంచి ఆమె ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. చాలాసేపు రాసింది. ఆ తరువాత, చూపు ఆ భుజం మీది నుంచి తిప్పకుండానే అంది.

"రెండు దినాలే నొప్పి. నాకు మూడో దినానికి అసలు తెలియనే లేదు."

అబద్ధం. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె నోటి నుంచి ఆయన విన్న మొదటి అబద్ధం. అబద్ధాన్ని గుర్తుపట్టడంలో ఆ ఊళ్ళో ఆయనను మించినవాడు లేడు. మెలకువగా, అక్షరం పోకుండా విన్నాడు. అవునా అని తల ఊపి, భుజం ఇంకొంచెం ఆమె వైపు తిప్పాడు.